నెల్లూరు ఎండల్లో ఐసోపాడ్స్ బతకాలంటే వాటిని రొయ్యల్లా చూసుకోవాలి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. కావలిలో మేడమీద గది. మార్చి మొదట్లో ఆన్‌లైన్‌లో తెప్పించిన పదిహేను పౌడర్ ఆరెంజ్ ఐసోపాడ్స్, అంటే రాలిన ఆకులు తిని బతికే పద్నాలుగు కాళ్ల నారింజ రంగు బుల్లి జీవులు. బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అడుగున కోకోపీట్ అనే కొబ్బరి పొట్టు, పొద్దునా సాయంత్రం స్ప్రే, తినడానికి క్యారెట్టూ చేపల మేతా. ఏప్రిల్ ఆఖరుకి ఆరు మిగిలాయి, పిల్ల ఒక్కటీ లేదు. ఎక్కడ తప్పు జరిగింది, మన ఎండల్లో ఇది అసలు అయ్యే పనేనా, పిల్లలు పెడితే అమ్ముకోవచ్చా అని అడిగావు.

అయ్యే పనే. నేను పదేళ్లకు పైగా రొయ్యల హ్యాచరీల్లో పని చేశాను. ఇప్పుడు ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు చూసుకుంటున్నాను. 2019 నుంచి మా ఇంట్లో మంచం కింద ఐసోపాడ్స్ ఉన్నాయి, ప్రస్తుతం ఏడు డబ్బాలు. మా ఆవిడ మొదట్లో గొడవ చేసింది కానీ, ఇప్పుడు దోసకాయ తరిగినప్పుడు తనే ఒక ముక్క పక్కన పెడుతుంది.

నీ ఇంట్లో వాళ్లు వీటిని పురుగులు అంటున్నారని రాశావు. వాళ్లని అననివ్వు. నువ్వు మాత్రం అలా అనుకోవద్దు, ఎందుకంటే నీ తొమ్మిదీ పోయింది ఆ లెక్కలోనే. ఇవి బొద్దింక వైపు చుట్టాలు కావు, రొయ్య, పీత ఉన్న కుటుంబం. ఎప్పుడో నీళ్లలోంచి గట్టెక్కి నేలమీద కాపురం పెట్టిన జాతి. నీళ్లలోనే ఉండిపోయిన వాళ్ల బంధువులు ఇంకా ఉన్నారు. సముద్రం అడుగున అడుగు పొడవు దాటి పెరిగేవీ ఉన్నాయి. మైపాడు రేవులో అప్పుడప్పుడు చేప నోరు తెరిస్తే లోపల తెల్లగా కరుచుకుని ఉండే జీవి కనిపిస్తుంది చూడు, అది కూడా ఐసోపాడే. గట్టెక్కాయి గానీ ఊపిరి పద్ధతి పూర్తిగా మార్చుకోలేదు. ఒకదాన్ని గాజు గ్లాసులో వేసి కింద నుంచి చూడు. తోక దగ్గర రెండు జతల తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. ఊపిరితిత్తుల పని చేసేవి అవే. వాటి మీద సన్నటి తడి పొర ఉంటేనే గాలి లోపలికి వెళ్తుంది. తడి ఆరిపోతే ఊపిరాడదు, నీళ్లు నిలిస్తే మునిగిపోతుంది. కాబట్టి మనం ఇవ్వాల్సింది తడీ గాలీ రెండూ. నువ్వు తడి ఒక్కటే ఇచ్చావు.

మన గుంటల భాషలో చెప్తాను. నీళ్లకి గాలి అందించే ఏరేటర్ ఆపేసి, మేత మాత్రం రెండింతలు వేస్తే రొయ్య ఏమవుతుంది? నీ డబ్బాలో జరిగింది అదే. పైగా ఇంకో సంగతి. నేలమీది ఐసోపాడ్స్‌కి మూత్రం లాంటిది లేదు. ఒంట్లోని వ్యర్థాన్ని అమ్మోనియా ఆవిరిగానే గాలిలోకి వదిలేస్తాయి. దానికి తోడు కుళ్లిన చేపల మేత. మూత తీసినప్పుడు ముక్కుకి ఘాటుగా తగిలిందని నువ్వే రాశావు. అడుగు చెడిన గుంట దగ్గర వచ్చే వాసన అది.

ఇక ఏం చెయ్యాలో చెప్తాను. ఐదారు లీటర్ల డబ్బా చాలు. సోల్డరింగ్ ఐరన్‌తో గానీ కాల్చిన మేకుతో గానీ రెండు ఎదురెదురు పక్కల కిటికీలు కొట్టి, లోపలి వైపు సన్నటి స్టీలు జాలీ అతికించు. ప్లాస్టిక్ దోమతెర వద్దు, కొరికేస్తాయి. ఒక వైపు కిటికీ కాస్త పైకి, ఇంకో వైపుది కాస్త కిందికి ఉంటే గాలి నడుస్తుంది. మూతకి మాత్రం బెజ్జాలు పెట్టకు, మన ఎండకి పైనుంచే తడి అంతా పోతుంది.

అడుగున ఒట్టి కోకోపీట్ పనికిరాదు. అది తడి పట్టుకోవడానికే గానీ తిండి కాదు. పైగా మనకి దొరికే పీట్‌లో ఉప్పు ఎక్కువ ఉంటుంది, మూడు నీళ్లు పోసి కడిగి పిండాలి. దానికి సమానంగా బాగా మాగిన వర్మీకంపోస్టు, రెండు గుప్పెళ్లు నలిపిన ఎండాకు, ఒక గుప్పెడు పుచ్చిన మునగ కట్టె కలుపు. మునగ మెత్తటి కట్టె, కొమ్మ విరిగి ఒక వర్షాకాలం కింద పడి ఉంటే చేత్తో నలిగిపోతుంది. అలాంటిదే వీటికి ఇష్టం. సరుగుడు కట్టె మన దగ్గర కావలసినంత ఉంది గానీ గట్టిది, అంత త్వరగా చివకదు. ఇదంతా మూడు అంగుళాల మందం పరిచి, ఒక మూలన, అంటే డబ్బాలో మూడో వంతు మాత్రమే, నర్సరీలో అమ్మే నాచు తడిపి పెట్టు. నీళ్లు ఆ మూలకే పొయ్యాలి. మిగతా రెండు వంతులు పైకి పొడిగా కనిపించాలి. ఏ తడి ఎంత కావాలో అవే నడిచి వెళ్లి చూసుకుంటాయి. నువ్వు డబ్బా అంతా తడిపితే వాటికి ఆ వీలు పోయినట్టే. పౌడర్ ఆరెంజ్ కాస్త పొడినే ఇష్టపడే రకం. రోజుకి రెండు స్ప్రేలు కాదు, వేసవిలో రెండు రోజులకొకసారి ఆ మూలన అర గ్లాసు, వర్షాకాలంలో వారం పదిరోజులకొకసారి చాలు. తీరం వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, తాగే క్యాన్ నీళ్లే పొయ్యి.

ఇప్పుడు ఎండ సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అంత ఎండని స్లాబు కింద మేడమీద గదిలో ఐసోపాడ్ తట్టుకుంటుందని ఎలా అనుకున్నావు? వీటికి హాయిగా ఉండేది 22 నుంచి 28 డిగ్రీల మధ్య. నా డబ్బాల్లో 33 దాటిన రోజున అన్నీ తడి నాచు కిందికి చేరి కదలకుండా ఉండిపోయాయి. అలా రెండు మూడు రోజులు సాగితే మొదట పోయేవి ముసలివీ, కడుపుతో ఉన్నవీ. అక్వేరియం షాపులో వైరు ఉన్న చిన్న డిజిటల్ థర్మామీటర్ దొరుకుతుంది, దాని కొన డబ్బా లోపల పెట్టు. గది వేడి కాదు, డబ్బా లోపలి వేడి తెలియాలి.

ముందు చేయాల్సింది డబ్బాని మేడ దించడం. కింది ఇంట్లో ఉత్తరపు గదిలో మంచం కింద, నేలకి ఆనించి పెట్టు. దానికే నాలుగైదు డిగ్రీలు తగ్గుతుంది. ఇంకా చాలకపోతే పాత మట్టి తొట్టిలో ఇసుక పోసి తడిపి, డబ్బాని సగం దాకా ఆ ఇసుకలో కూర్చోబెట్టు. కుండలో నీళ్లు చల్లబడే పద్ధతే ఇది. ఇందులో ఒక మెలిక ఉంది, అది నాకు రెండు వేసవులు పోయాక గానీ అర్థం కాలేదు. పడమటి గాలి కొట్టే మధ్యాహ్నాల్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తడి ఇసుక బాగా చల్లబడుతుంది. సాయంత్రం సముద్రపు గాలి తిరిగి ఒళ్లు జిడ్డుగా మారాక తొట్టి అంతగా పని చేయదు. ఉదయగిరి వైపు మా మిత్రుడికి రోజంతా పని చేసే తొట్టి, మా ఊళ్లో సగం రోజే పని చేస్తుంది. అందుకని సాయంత్రం ఒక నీళ్ల సీసా గడ్డ కట్టించి, తువ్వాలు చుట్టి డబ్బా పక్కన పెడతాను. డబ్బా లోపల మాత్రం పెట్టొద్దు, సీసాకి పట్టిన చెమటంతా కారి అడుగు బురదైపోతుంది. ఏసీ గదైతే వేడి బాధ లేదు గానీ తడి త్వరగా ఆరిపోతుంది. అప్పుడు ఒక కిటికీకి సగం టేపు వెయ్యి.

తిండి విషయంలో ఎక్కువ టెన్షన్ అక్కర్లేదు. ఎండాకు వీటికి అన్నం, మిగతావన్నీ నంజుకోవడానికే. నువ్వు అన్నం పెట్టకుండా నంజుళ్లు మాత్రం పెట్టావు. మన వీధుల్లో ఇంటికొకటిగా కనిపించే నాటు బాదం చెట్టు ఏడాదికి రెండుసార్లు ఆకు ఎర్రబరిచి రాల్చేస్తుంది. రాలినవి ఏరి ఎండబెట్టి, పది నిమిషాలు ఉడికించి ఆరబెట్టు. ఉడికించేది రుచి కోసం కాదు, ఆకుల్లో దాక్కుని వచ్చే బుల్లి జెర్రుల కోసం. మామిడి, జామ, రావి ఆకులు కూడా బాగుంటాయి. వేప, జామాయిల్, నిమ్మ వద్దు, వాటిలోని నూనెలు మంచివి కావు. గూడూరు వైపు నిమ్మతోటల్లో కావలసినంత ఆకు ఊరికే దొరుకుతుంది గదా అని ఆశపడకు. మందు కొట్టే పొలం గట్టున రాలిన ఆకులు కూడా తేవద్దు.

కూరగాయలు వారానికి ఒకసారి, గోరంత ముక్క. ప్రొటీన్ కోసం రొయ్యల మేత భేషుగ్గా పని చేస్తుంది, ఒకటి రెండు గుళికలు, అంతే. మేము గుంటలో చెక్ ట్రే వేస్తాం, మేత వేసిన రెండు గంటలకి ట్రే ఎత్తి మిగిలిందా లేదా చూసి తర్వాతి మేత లెక్క కడతాం. నువ్వు కూడా సీసా మూతలో మేత పెట్టి మర్నాడు చూడు. మిగిలితే తీసేసి, ఈసారి సగం పెట్టు. బూజు పట్టిన మేత డబ్బాలో ఒక్క రాత్రి కూడా ఉండకూడదు. ఎండు రొయ్య పొట్టు పెడితే ఉప్పు కలపనిదై ఉండాలి.

సున్నం సంగతి నువ్వసలు ఎత్తనే లేదు, పిల్లలు రాకపోవడానికి సగం కారణం అదే కావచ్చు. రొయ్య లాగే ఇవి కూడా పెంకు విడిచి పెరుగుతాయి. మినరల్స్ తక్కువైతే గుంటలో లూజ్ షెల్, అంటే పెంకు మెత్తబడి వదులయ్యే జబ్బు, ఎలా వస్తుందో తెలుసు కదా, ఇక్కడా అంతే. అయితే రొయ్య ఒక్కసారిగా బట్ట విప్పేసినట్టు విడుస్తుంది. ఇవి రెండు విడతల్లో విడుస్తాయి. ముందు వెనక సగం, ఒకటి రెండు రోజులాగి ముందు సగం. మధ్యలో చూస్తే వెనక సగం ఒక రంగు, ముందు సగం ఇంకో రంగుగా ఉంటుంది. జబ్బు చేసిందనుకుని నువ్వు బయటికి తీసి పారేసిన ఆ రెండూ, నా అనుమానం, పెంకు మార్చుకుంటున్నవే. విడవబోయే ముందు పొట్ట కింద ముందు వైపు సున్నం తెచ్చి తెల్లటి పలకలుగా దాచుకుంటాయి, అది కొత్త పెంకుకి వాడుకుంటాయి. విడిచిన పాత పెంకునీ తినేస్తాయి, కాబట్టి శుభ్రం చేస్తున్నానని వాటిని ఏరెయ్యొద్దు. సున్నానికి కోడిగుడ్డు పెంకు ఉడికించి ఎండబెట్టి పొడి చెయ్యి. లేదంటే పచారీ కొట్లో సముద్రపు నురుగు అని అడిగితే ఇచ్చే కటిల్ బోన్ ఒక ముక్క ఎప్పుడూ డబ్బాలో ఉంచు. తాంబూలంలోకి వాడే తడి సున్నం మాత్రం వద్దు, అది కాలుస్తుంది.

పిల్లలు ఎలా పుడతాయో తెలిస్తే నువ్వు డబ్బాని రోజూ కెలకడం మానేస్తావు. ఆడదానికి పొట్ట కింద కాళ్ల మధ్య సంచి ఉంటుంది. గుడ్లు అందులోనే తడిలో పొదుగుతాయి, అంటే గుంటని కడుపు కింద మోసుకు తిరుగుతున్నట్టే. ఆ సంచి తెల్లగానో పసుప్పచ్చగానో ఉబ్బి కనిపిస్తుంది. పౌడర్ ఆరెంజ్‌కి మన వేడిలో మూడు నాలుగు వారాలు పడుతుంది. ఒక్కసారి జత కడితే ఆడది ఆ బీజాన్ని దాచుకుని తర్వాతి కాన్పులకీ వాడుకోగలదు. బయటికి వచ్చిన పిల్లలు తెల్లగా, నువ్వుగింజ కన్నా చిన్నగా ఉంటాయి. పెద్దవాటికి ఏడు జతల కాళ్లుంటే వీటికి ఆరే, ఏడో జత పెంకు విడిచాక వస్తుంది. ఇవి ఆకు అడుగున, మట్టి సందుల్లో ఉంటాయి. నువ్వు నెల తిరక్కుండానే కోకోపీట్ మొత్తం పారబోసి కొత్తది వేశానన్నావు. అందులో ఎన్ని పోయాయో ఎవరికి తెలుసు. అడుగు ఎప్పుడైనా మార్చాల్సి వస్తే సగమే మార్చాలి, తీసిన సగాన్ని ఇంకో డబ్బాలో నెలరోజులు ఉంచి చూడాలి. నాకు రెండో కాలనీ అలా పారబోయబోయిన మట్టిలోంచే వచ్చింది.

మన దగ్గర వీటికి అసలైన సీజన్ అక్టోబరు నుంచి జనవరి. ఈశాన్య రుతుపవనం దిగి, ఒకటి రెండు వాయుగుండాలు పోయాక గాలిలో తడీ చల్లదనమూ కుదిరి విపరీతంగా పెరుగుతాయి. ఆ నెలల్లో బూజు కూడా పెరుగుతుంది. దానికి స్ప్రింగ్‌టెయిల్స్ అనే తెల్లటి బుల్లి జీవుల్ని డబ్బాలో వదులు, బూజుని అవి తినేస్తాయి. ఐస్‌క్రీమ్ డబ్బాలో బొగ్గు ముక్కలు, కాస్త నీళ్లు, నాలుగు బియ్యపు గింజలు వేస్తే అవి కూడా ఇంట్లోనే పెరుగుతాయి.

నా అనుభవంలో ఇంట్లో వీటికి పెద్ద గండం ఎండ కాదు, పురుగుల మందు. నెల్లూరు దోమల గురించి నేను చెప్పక్కర్లేదు. 2021లో మా బావమరిది పండక్కి వచ్చి, వంటింట్లో బొద్దింకలు ఎక్కువయ్యాయని స్ప్రే కొట్టాడు. డబ్బాలు పక్క గదిలో ఉన్నాయి. తెల్లారేసరికి రెండు వందల పైచిలుకు వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నాయి. ఆ స్ప్రేలలో ఉండే పైరిథ్రాయిడ్ మందులు రొయ్యకీ పీతకీ మహా విషం, వీటికీ అంతే. చీమల సుద్ద, దోమల లిక్విడ్, కుక్కలకి రాసే గోమార్ల మందు, ఇవన్నీ వీటికి ప్రమాదమే. ఆ గదిలో దోమతెర కట్టుకో. చీమలకి మందు లేకుండా ఉపాయం ఉంది. మా అమ్మమ్మ ఇంట్లో వంటింటి అలమార కాళ్ల కింద నీళ్ల గిన్నెలుండేవి. పళ్లెంలో ఇటుక పెట్టి చుట్టూ నీళ్లు పోసి, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, ఇటుక మీద డబ్బా పెట్టు.

జబ్బు గురించి ఒక్కటి. ఒంట్లోంచి మెరిసే నీలం, ఊదా రంగు వచ్చిన ఐసోపాడ్ కనిపిస్తే అది అరుదైన రకం అని మురిసిపోకు. ఒక వైరస్ వల్ల అలా మెరుస్తాయి, ఆ తర్వాత చచ్చిపోతాయి. కొందరు వాటినే స్పెషల్ అని అమ్ముతారు. 1990ల్లో టైగర్ రొయ్యకి వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వచ్చి మన వైపు గుంటలు ఎలా ఎండిపోయాయో మీ నాన్నని అడుగు. కొత్తగా తెచ్చిన వాటిని నెలరోజులు విడిగా ఉంచందే పాతవాటిలో కలపకపోవడం నాకు అప్పటి అలవాటు.

పూలకుండీ కింద దొరికే బూడిదరంగు వాటిని పెంచొచ్చా అన్నావు. నన్నడిగితే ముందు వాటితోనే మొదలుపెట్టాల్సింది. మన ఎండకి పుట్టి పెరిగినవి, డబ్బు ఖర్చు లేదు. ముట్టుకుంటే బఠాణీ గింజలా ముడుచుకునేది ఒక రకం. ముడుచుకోకుండా పరుగు లంకించుకుని, ఒంటి మీద బూడిద రాసినట్టు ఉంటే అది నీ పౌడర్ ఆరెంజ్ జాతే కావచ్చు, దాని సహజ రంగు నీలి బూడిద. పేడదిబ్బ అంచున తవ్వి చూడు. చుట్టలా చుట్టుకునే రోకలిబండతో పొరబడకు. దానికి లెక్కలేనన్ని కాళ్లు, దీనికి పద్నాలుగే. అయితే వాటిని నీ ఆరెంజ్‌లతో కలపొద్దు. ఆరెంజ్ రంగు అణిగి ఉండే గుణం. రెండూ కలిస్తే తర్వాతి తరంలో ఎక్కువగా బూడిదరంగువే పుడతాయి. ఇక నువ్వు ఫోటో పంపిన థాయ్‌లాండ్ రబ్బర్ డక్కీ రకం ఐసోపాడ్ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకు. సున్నపురాతి గుహల దగ్గర పెరిగిన జాతి, పిల్లలు తక్కువ, ధర ఎక్కువ. బతికున్న జీవాల్ని విదేశాల నుంచి తేవాలంటే అనుమతులు కావాలి, అవి లేకుండా కొరియర్‌లో వచ్చినవి కొని చిక్కులు తెచ్చుకోవద్దు.

అమ్మకం గురించి నా మాట నీకు నచ్చకపోవచ్చు. పౌడర్ ఆరెంజ్ ఎవరి దగ్గరైనా ఏడాదిలో వందలవుతాయి, అందుకే ధర నిలవదు. గాజు పెట్టెలో మొక్కలు పెంచే టెర్రేరియం పెట్టుకునేవాళ్లకి, మిద్దెతోట వాళ్లకి కంపోస్టు డబ్బాలోకి ఇచ్చి, మేత ఖర్చు రాబట్టుకుంటే గొప్ప. పంపేటప్పుడు తడి నాచు, రెండు ఆకులు వేసి చిన్న డబ్బాలో సర్దు. మార్చి దాటాక ఎవరికీ పంపకు, ఎవరి దగ్గరా తెప్పించుకోకు. నీ పదిహేనులో కొన్ని దారిలోనే దెబ్బతిని వచ్చి ఉంటాయి. ఎక్కువైన వాటిని తోటలో వదిలెయ్యడం కూడా వద్దు, ఫ్రీజర్‌లో పెట్టి కోళ్లకి వెయ్యి.

ఇప్పుడు ఆ ఆరింటినీ ఇవాళే కిందికి దించు. అడుగు మొత్తం మార్చకుండా, పైన ఒక అంగుళం కొత్త మిశ్రమం వేసి, రెండు గుప్పెళ్లు బాదం ఆకు పరిచి, ఒక మూల మాత్రం తడిపి, పక్కలకి కిటికీలు కొట్టిన డబ్బాకి మూత పెట్టెయ్యి. సీసా మూతలో ఒకే ఒక్క మేత గుళిక, వారానికి ఒకసారి. నలభై రోజుల దాకా మట్టి కదిలించకు. జూన్ నెలాఖరున తడి మూలన ఉన్న ఆకు మెల్లగా తిరగేసి, అడుగున టార్చి వేసి చూడు. తెల్లగా ఏవైనా పాకుతుంటే ఒక ఫోటో తీసి పెట్టు. ఏమీ లేకపోతే ఆ ఆరింటినీ గాజు గ్లాసులో వేసి కింద నుంచి ఫోటో తియ్యి. వాటిలో ఆడవి ఎన్నున్నాయో చూసి చెప్తాను. అన్నీ మగవే మిగిలాయంటే నా డబ్బా లోంచి పదిచ్చి పంపుతాను, అక్టోబరు వర్షాలు పడ్డాక.